‘ఏదో చేసే ఉంటారు’: ఆ ‘చేసే’లోని ఏకారం గురించి

చాలాకాలంగా నన్ను వదలని మాట ఇది. 1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం గద్దెనెక్కింది. 1983 దాకా సాగిన ఆ పాలనలో ఇళ్లలోంచి, వీధుల్లోంచి మనుషుల్ని ఎత్తుకుపోయేవారు. అలా ఆచూకీ లేకుండా పోయినవాళ్లని 1984లో విచారణ సంఘం దాదాపు 9,000 మందిగా నమోదు చేసింది. హక్కుల సంఘాల లెక్క 30,000. ఆ రోజుల్లో ఇరుగుపొరుగు నోట తరచు వినబడిన మాట ‘అల్గో అబ్రాన్ ఎచో’. తెలుగులో అయితే ‘ఏదో చేసే ఉంటారు’.

పోలిక అర్థంలోనే కాదు. ఆ స్పానిష్ వాక్యంలోనూ కర్త పైకి కనబడడు. ఊహని చెప్పడానికి అక్కడా భవిష్యత్ క్రియే, మన ‘ఉంటారు’ లాగా. మనకి అదనంగా ఉన్నది ఆ ఏకారం. ‘చేసి ఉంటారు’ అంటే ఊహ, కాదేమో అనడానికి ఇంకా చోటుంది. ‘చేసే ఉంటారు’ అన్నామా, అవధారణతో, అంటే ఏకారంతో నొక్కి చెప్పడంతో, ఆ చోటు పోయింది. మరి చేసిందేమిటయ్యా అంటే, ‘ఏదో’! నేరం దగ్గర ఓకారం, సందేహం. దోషి అనడం దగ్గర ఏకారం, నిశ్చయం. నాలుగక్షరాల దూరంలో రెండూ ఎలా ఇమిడాయో చూడండి.

ఈ మాట అన్నవాళ్లంతా క్రూరులని నేననను. పక్కింటాయన ఏమీ చేయకుండానే పోయాడని ఒప్పుకుంటే, రేపు మన తలుపూ తడతారని ఒప్పుకోవాలి. అది భరించలేక ఆయన నెత్తిన ఒక నేరం పెడతాం. భయం కాస్తా వత్తాసుగా మారేది అక్కడేనని నా నమ్మకం.

ఇది చదివిన ఒకావిడ ప్రశ్న: ‘తీసుకెళ్లారట’ సంగతి కూడా చెప్పండి. కిటికీలోంచి కళ్లారా చూసినవాళ్లు కూడా ‘ట’ తగిలిస్తారు కదండీ?

నిజమేనండి. ఎవరు తీసుకెళ్లారో ఆ వాక్యంలో ముందే లేదు, ‘ట’తో చూసినవాడు కూడా తప్పుకుంటాడు. అయినా దాన్ని ఈ ఏకారంతో ఒకే గాట కట్టలేను. ‘ట’ అన్నవాడు తనని దాచుకుంటాడు, పోయినవాడి మీద నింద వేయడు. ఒక్కోసారి కబురు బయటికి పొక్కడానికి అదొక్కటే దారి.

1977 ఏప్రిల్ 30న, అలా ఆచూకీ లేకుండా పోయినవాళ్ల తల్లులు కొందరు బ్యూనస్ ఎయిర్స్‌లోని ప్లాసా దె మాయో కూడలికి వచ్చి నిలబడ్డారు. చుట్టూ అందరి మనసుల్లో ఉన్న ప్రశ్న ‘వాళ్ల పిల్లలు ఏం చేశారు?’. ఆ తల్లుల ప్రశ్నని తెలుగులో పెడితే, ‘మా పిల్లల్ని ఏం చేశారు?’. క్రియ అదే. ‘ని’ అనే ద్వితీయా విభక్తి ఒక్కటి చేరేసరికి కర్త మారిపోయాడు.