సంక్రాంతి పిల్లల పండుగ ఈసారి మంచు మీదే: ఒట్టావా స్వచ్ఛంద సేవకుల ఏర్పాట్ల చర్చ

కార్యక్రమ సమన్వయకర్త:

కార్యవర్గ సభ్యులకు, స్వచ్ఛంద సేవకులకు నమస్కారం. సంక్రాంతి తరువాత వచ్చే శనివారం నాటి పిల్లల పండుగను ఈసారి హాలులో కుర్చీలు వేసి కాకుండా, కనాటాలోని వాల్టర్ బేకర్ పార్కులో మంచు మీద జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు బడిలో ప్రతిరోజూ విరామ సమయంలో మంచులోనే ఆడుకుంటారు. ఇంటికి వచ్చాక మాత్రం “జలుబు చేస్తుంది, లోపలికి రా” అనే మాట వింటారు. చలికి జంకేది పెద్దలమైన మనమే కాబట్టి, పండుగ ఒక్కరోజు ముచ్చటగా మిగిలిపోకుండా, క్రిస్మస్ సెలవులు మొదలైన నాటి నుంచి ప్రతి కుటుంబమూ తమ పెరట్లోనో, ఇంటి ముందరి మంచు కుప్ప మీదనో పిల్లలతో కలిసి కొంత తయారీ చేసుకుని, ఆ చేసినవాటినే పండుగనాడు పార్కుకు తీసుకురావాలన్నది నా ప్రతిపాదన.

అందులో మొదటిది మంచు దీపాలు. ఊరి మధ్య ఉన్న ఇళ్ల పెరళ్లలో బహిరంగంగా మంట వేయడానికి నగర నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి భోగిమంట లేని లోటు మనకు ఏటా ఉండనే ఉంది. దాని బదులు ఇంటికి ఒక దీపం చొప్పున తెచ్చి, పార్కులో వలయంగా పేర్చి, పొద్దుగూకే వేళకు వెలిగిద్దాం. జనవరి మధ్యలో ఇక్కడ సాయంత్రం అయిదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు గనుక చిన్నపిల్లలను రాత్రి దాకా నిలబెట్టవలసిన పని లేదు.

చేసే విధానం తెలియనివారి కోసం వివరంగా రాస్తున్నాను. నాలుగు లీటర్ల ఐస్‌క్రీం డబ్బాను నీళ్లతో నింపి రాత్రి బయట మంచు మీద పెట్టాలి. నీరు పైనా పక్కలా ముందు గడ్డకడుతుంది. అడుగు మంచులో ఆని ఉంటుంది కాబట్టి అక్కడికి చలి ఆలస్యంగా చేరుతుంది, నడుమ నీరు నీరుగానే ఉంటుంది. మైనస్ 10, 15 డిగ్రీల రాత్రి అయితే తెల్లవారేసరికి గోడలు రెండు వేళ్ల మందం అవుతాయి. అప్పుడు డబ్బా మీద గోరువెచ్చని నీళ్లు పోసి, బోర్లించి, పైకి వచ్చిన అడుగుభాగంలోని పలుచని పొరను చెంచాతో పగలగొట్టి లోపలి నీటిని ఒంపేస్తే దీపం పెట్టుకోవడానికి గుంట సిద్ధం. నీటిలో ముందుగా నాలుగు చామంతి రేకులో, నారింజ తొక్కలో వేయించండి; ఉదయం వాటిని గాజులాంటి గడ్డలో చూసుకోవడం పిల్లలకు మహా సరదా. గాజు పాత్రలు వాడవద్దు, పగులుతాయి. ఒట్టావాలో జనవరిలోనూ ఒకటి రెండు రోజులు ఉష్ణోగ్రత సున్నా దాటి వాన పడడం మామూలే కాబట్టి, మొదటి వారాల్లో చేసేవి అభ్యాసానికి మాత్రమే అనుకుని, పండుగకు తేవలసినవాటిని చివరి రెండు మూడు రాత్రుల్లో చేసుకోండి.

భద్రతా బృందం బాధ్యులు:

సమన్వయకర్త గారి ఆలోచన నాకు నచ్చింది, అయితే రద్దు చేసే గీత ఎక్కడ గీయాలో ముందే చెప్పకపోతే ఆ రోజు ఉదయం వాట్సాప్‌లో వాదోపవాదాలు తప్పవు. కెనడా పిల్లల వైద్యుల సంఘం సలహా ప్రకారం ఉష్ణోగ్రత మైనస్ 25 కన్నా తగ్గినా, గాలితో కలిపి లెక్కించిన చలి మైనస్ 28కి చేరినా పిల్లలను లోపలే ఉంచాలి. మనమూ ఆ అంకెలనే పాటిద్దాం. శనివారం ఉదయం ఏడు గంటలకు ఎన్విరాన్‌మెంట్ కెనడా వాతావరణ అంచనా చూసి నేనే తెలియజేస్తాను. ఆ తరువాత “మా వైపు ఎండగా ఉందండీ” అనే సందేశాలు దయచేసి వద్దు. గాలితో కలిపి మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది. పిల్లల బుగ్గ మీద గానీ, ముక్కు కొన మీద గానీ తెల్లని మచ్చ కనిపించి అక్కడ స్పర్శ తెలియడం లేదంటే వెంటనే లోపలికి తీసుకువెళ్లి వెచ్చని అరచేతితో కప్పాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు.

ఇంటి దగ్గర ఆటలకు సంబంధించి ఒక్క విషయాన్ని మాత్రం ఖండితంగా చెప్పదలచాను. రోడ్డు పక్క మంచు కుప్పల్లో పిల్లలను సొరంగాలు తవ్వనివ్వకండి. మంచు తోసే బండి నడిపేవారికి లోపల ఉన్న బిడ్డ కనబడదు, పైకప్పు కూలినా బయటికి వినబడదు. కోట కట్టాలంటే పెరట్లో, పైకప్పు లేకుండా, పిల్లల నడుము ఎత్తు గోడలతో కట్టించండి. స్లెడ్ మీద జారేటప్పుడు తలకు స్కీ లేదా హాకీ హెల్మెట్ ఉండాలి, కాళ్లు ముందుకు పెట్టి కూర్చోవాలి, బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి జారకూడదు. దిగినవారు వాలు మధ్య నుంచి కాక పక్క నుంచి ఎక్కిరావాలి. పార్కులో వాలు పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పిల్లలను విడతలుగా వదలడానికి నాకు కనీసం నలుగురు కావాలి. అరగంటకు ఒకసారి మారవచ్చు.

కొత్తగా వచ్చిన ఒక తల్లి:

అందరికీ నమస్కారమండీ. మేము సెప్టెంబరులో విజయవాడ నుంచి వచ్చాము, బార్‌హేవెన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. పాపకు నాలుగేళ్లు. పెరడు లేనివారు దీపం ఎక్కడ పెట్టాలి? పాపకు పట్టులంగా కుట్టించి తెచ్చాను, దాని మీద కోటు వేస్తే సరిపోతుందా? మా అత్తగారు కూడా మా దగ్గరే ఉన్నారు; ఆవిడ ఇంతవరకు గుమ్మం దాటి మంచులో అడుగు పెట్టలేదు, తీసుకురావచ్చా?

దుస్తుల సేకరణ బాధ్యులు:

చెల్లీ, స్వాగతం. డబ్బాను బాల్కనీలో పెట్టుకోవచ్చు, కింద ఒక పాత తువ్వాలు మడిచి వేయి. పట్టులంగా మీద కోటు వేసుకుని మంచులో కూర్చుంటే పది నిమిషాల్లో అంచు తడిసి గడ్డకడుతుంది, పాప ఏడుపు లంకించుకుంటుంది. అందుకని పట్టుబట్టలు, భోగిపళ్లు, ఫోటోలు అన్నీ మధ్యాహ్నం పక్కనే ఉన్న భవనంలో తీసుకున్న గదిలో ముగించి, ఆ తరువాతే బట్టలు మార్చి పిల్లలను బయటికి తీసుకురావాలని అనుకున్నాము. రేగుపళ్లు దొరకవు కాబట్టి క్రాన్‌బెర్రీలే పోస్తున్నాము, పిల్లలకు పట్టింపు లేదు.

బయటికి వెళ్లేటప్పుడు ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చూడు. నూలు చెమటను పీల్చి తడిగానే ఉంటుంది, ఆట ఆపి నిలబడగానే ఆ తడే వణికిస్తుంది. ఉన్నిది గానీ పాలియెస్టర్‌ది గానీ లోపల వేసి, దాని మీద ఫ్లీసు, ఆపైన గాలీ నీరూ చొరని స్నోసూటు వెయ్యాలి. చేతులకు విడివిడి వేళ్ల గ్లవ్స్ కన్నా వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. మరొక జత సంచిలో పెట్టుకో, మొదటి జత ఎలాగూ తడుస్తుంది. మెడకు పొడవాటి స్కార్ఫ్ వద్దు, ఆటలో దేనికైనా చిక్కుకుంటుంది. తల మీద నుంచి తొడిగే మెడపట్టీ కొను. జుంకీలు తీసేయి, టోపీ ఊలుకు తగులుకుంటాయి. బూటు లోపలి తొడుగును ప్రతి రాత్రీ బయటికి తీసి ఆరబెట్టడం మరచిపోతే మర్నాడు ఎన్ని సాక్సులు వేసినా పాదం వెచ్చబడదు.

ఇవన్నీ కొనడానికి కంగారు పడకు. ఏటా పొట్టి అయిపోయిన స్నోప్యాంట్లు ప్రతి ఇంట్లోనూ మూలుగుతున్నాయి. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు సైజుల వారీగా సర్ది మా గ్యారేజీలో ఉంచాను, వచ్చి పాపకు తొడిగి చూసుకో. అత్తయ్యగారిని తప్పకుండా తీసుకురా. బూటు కింద తగిలించే ముళ్ల పట్టీలు ఉన్నాయి, వాటితో జారదు. ఆవిడకు పని కూడా ఉంది, ముగ్గుల వదినగారు చెబుతారు.

ముగ్గుల బాధ్యులు:

అవునండీ, పెద్దవాళ్లు లేకపోతే నా పని సాగదు. తెల్లని మంచు మీద బియ్యప్పిండి ముగ్గు కనబడదు కాబట్టి ఇక్కడ లెక్క తిరగబడుతుంది: నేల తెలుపు, గీతే రంగు. కెచప్ సీసాలాంటి మెత్తని ప్లాస్టిక్ సీసాల్లో తినే రంగు కలిపిన నీళ్లు పోసి గీయిస్తాము. ఎరుపు, నీలం, ఆకుపచ్చ చాలు. పసుపునీళ్లు పెడదామని కిందటి సమావేశంలో ఒకరు అన్నారు. పసుపుపచ్చని మంచు అనగానే ఇక్కడి పిల్లలకు కుక్క గుర్తొచ్చి, పగలబడి నవ్వడంతోనే సరిపోతుంది.

వదులు మంచు మీద గీత నిలవదు, రంగు లోపలికి ఇంకిపోతుంది. ముందురోజు సాయంత్రమే ఎవరైనా స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి పట్టాలు) వేసుకుని ఆ చోటు బాగా తొక్కి వదిలేస్తే, తొక్కిన మంచు రాత్రికి రాత్రి బిగుసుకుని గట్టి చప్టా అవుతుంది. సీసా మూతి రంధ్రంలో నీరు ముందు గడ్డకడుతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లు పోసి, సీసాలను కూలర్ పెట్టెలో ఉంచుతాను. చల్లదనాన్ని కాపాడే పెట్టె వెచ్చదనాన్నీ కాపాడుతుంది. ఏడు చుక్కలు, నాలుగు వచ్చే వరకు, సందు చుక్క. అంతకన్నా పెద్దది పెడితే చిన్నపిల్లలకు ఓపిక చాలదు. చుక్కలు పెద్దవాళ్లు కర్రతో గుచ్చుతారు, కలపడం పిల్లల వంతు. ఈలోగా ఇంటి ముందు వాకిట్లో రోజూ ఒకటి గీయించండి, మంచు కురిసి కప్పేస్తే మర్నాడు మళ్లీ కొత్త పలక.

వంటల బృందం:

మంచులో బొబ్బట్లు బిగుసుకుపోతాయి, పులిహోర ఎవరూ ముట్టరు. వేడి పొంగలి మూతపెట్టెల్లోనూ, మిరియాల చారు ఫ్లాస్కుల్లోనూ తెస్తాము. చారును కాగితపు గ్లాసుల్లో ఇస్తే చేతులు కూడా కాచుకోవచ్చు. పిల్లలకు మేపుల్ పాకం. మేపుల్ సిరప్‌ను 113 డిగ్రీల దాకా మరిగించి శుభ్రమైన మంచు మీద ధారగా పోస్తే సాగే మిఠాయి అవుతుంది, పుల్లకు చుట్టుకుని తింటారు. క్యుబెక్ పల్లెల్లో వసంతం రాగానే చేసే వేడుక ఇది. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, చన్నీళ్లలో ఒక బొట్టు వేసి వేళ్లతో ఉండ చేస్తే మెత్తగా నిలవాలి. అరిసెలకు చూసే పాకం చూపు ఉన్న అమ్మలకు ఎవరూ నేర్పవలసిన అవసరం లేదు. మంచును మాత్రం నేల మీద నుంచి తీయము, అప్పుడే కురిసినదాన్ని పళ్లేల్లో పట్టి ఉంచుతాము. పాకం చర్మానికి అంటితే ఊడదు, కాబట్టి పోసే బల్ల దగ్గరకు పిల్లలను రానివ్వకుండా ఒకరు కాపలా ఉండాలి.

యువజన విభాగం సభ్యుడు:

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. ఊళ్లో 7.8 కిలోమీటర్ల రిడో కాలువ స్కేటింగ్ బాట ఉండగా పార్కు ఎందుకు? పండుగను ఆ బాట మీదే ఉన్న డౌస్ లేక్ దగ్గర పెట్టుకుంటే పిల్లలందరూ స్కేటింగ్ కూడా చేయవచ్చు కదా.

కార్యక్రమ సమన్వయకర్త:

తమ్ముడూ, ఆలోచన మంచిదే, తేదీ మాత్రం మన చేతిలో ఉండదు. మంచి గడ్డ కనీసం 30 సెంటీమీటర్ల మందం కట్టే వరకు కాలువను తెరవరు. 2022-23 శీతాకాలంలో మొత్తం సీజన్‌లో ఒక్కరోజు కూడా తెరవలేకపోయారు. సంక్రాంతి వారానికి తెరిచి ఉంటుందన్న నమ్మకం మీద వంటలు, గది, అనుమతులు కుదుర్చుకోలేము. ఫిబ్రవరిలో, 1979 నుంచి జరుగుతున్న వింటర్‌లూడ్ శీతాకాల ఉత్సవం సమయంలో, పచ్చజెండా ఎగిరిన ఒక ఆదివారం చూసుకుని యువజన విభాగమే స్కేటింగ్ రోజు నడపండి. కార్యవర్గం ఖర్చు ఇస్తుంది. స్కేటింగ్ రానివారు ఈలోగా తమ పేటలోని నగరపు బహిరంగ రింకులో నేర్చుకోవచ్చు.

గాలిపటాల విషయంలో భద్రతా బృందంతో మాట్లాడాను. కరెంటు తీగలకు దూరంగా, మామూలు నూలు దారంతో, పావుగంట మాత్రమే. గాజుపొడి మాంజా ఎవరి సంచిలో కనిపించినా తీసుకుంటాము. పార్కు అనుమతి, బీమా పత్రాలు కోశాధికారి గారు చూస్తున్నారు. ఇప్పటికి స్లెడ్ వాలుకు ఇద్దరు, పాకం బల్లకు ఒకరు, ముందురోజు సాయంత్రం మంచు తొక్కడానికి స్నోషూలు ఉన్న ఇద్దరు ఇంకా కావాలి. ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు ఉన్నవారు ఎన్ని ఉన్నాయో ఆదివారం లోపు ఇక్కడే తెలియజేయండి, లేనివారికి పంచుతాను.

కొత్తగా వచ్చిన ఒక తల్లి:

అక్కా, శనివారం ఉదయం స్నోప్యాంటుకు వస్తాము. ముగ్గు చుక్కలకు మా అత్తగారి పేరు రాసుకోమన్నారు, కర్ర కాస్త పొడవుగా ఉండాలట, ఆవిడ వంగలేరు.