మూడు సాయంత్రాల వర్క్‌షాపు: ఈ క్రమం సరైనదేనా?

కొత్తచేయి:
అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్, డిజిటల్ మీడియా పరిచయం చేసే వర్క్‌షాపు బాధ్యత నా నెత్తిన పడింది. మూడు సాయంత్రాలు, రోజుకు రెండు గంటలు. వచ్చేవాళ్లలో హైస్కూలు పిల్లలున్నారు, వాళ్ల తల్లిదండ్రులున్నారు, ఉద్యోగ విరమణ చేసినవారూ ఉన్నారు. ఎవరికీ ఇందులో ఓనమాలు తెలియవు. మొదటి రోజు ఓమ్ నియమం (వోల్టులను ఓములతో భాగిస్తే కరెంటు ఎంతో తెలుస్తుందనే సూత్రం), విడిభాగాలు. రెండో రోజు ఆర్డునోతో (మనం రాసిన ప్రోగ్రామును నడిపించే చిన్న సర్క్యూటు బోర్డు) ప్రోగ్రామింగ్. మూడో రోజు శబ్దం రికార్డింగ్, ఎడిటింగ్ అనుకుంటున్నాను. సరైనదేనా? మొదటి రోజే సోల్డరింగ్ (వేడి కడ్డీతో లోహపు తీగ కరిగించి భాగాలను అతికించడం) పెడితే పిల్లలు హుషారుగా ఉంటారని ఒకరు సలహా ఇచ్చారు. పెట్టవచ్చా?

లెక్కలపంతులు:
క్రమం బాగుంది. పునాది లేకుండా గోడ లేవదు. ఓమ్ నియమం తెలియనివాళ్లకు కరెంటును తగ్గించే రెసిస్టర్ ఎందుకు పెట్టామో ఎలా చెబుతారు? అరగంట బోర్డు మీద చెప్పి, ఆ తర్వాతే వస్తువులు చేతికివ్వండి.

తీగలమూట:
పంతులు గారితో సగమే ఏకీభవిస్తాను. నియమం చెప్పాల్సిందే, కానీ అడిగినప్పుడు చెప్పాలి. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓముల రెసిస్టర్ ఇచ్చి వెలిగించమనండి. తర్వాత ఆ రెసిస్టర్ తీసి 4.7 కిలో ఓములది పెట్టమనండి. వెలుగు నీరసిస్తుంది. ఎందుకని వాళ్లే అడుగుతారు. అప్పుడు లెక్క వేయండి: ఎర్ర ఎల్‌ఈడీ తన వాటాగా దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 7 వోల్టులను 470తో భాగిస్తే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. రెండో దాంతో 1.5. అరగంట పాఠం అయిదు నిమిషాల్లో అయిపోతుంది, పైగా గుర్తుంటుంది. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని ఆ బ్యాటరీకి తగిలించవద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే రంధ్రాల పలక) లోపల ఏది దేనికి కలుస్తుందో మీరు అసలు చెప్పకండి. మల్టీమీటరును (వోల్టులు, కరెంటు కొలిచే పరికరం) కంటిన్యుయిటీ మీద, అంటే రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఉందో లేదో చూసే అమరిక మీద పెట్టి, చెరో తీగముక్క ఇచ్చి, ఏ రంధ్రానికి ఏ రంధ్రంతో చుట్టరికమో కనిపెట్టి కాగితం మీద గీయమనండి. మీటరు కీచుమంటే కలిసి ఉన్నట్టు. అయిదేసి రంధ్రాలు ఒక జట్టని, నడిమి గాడి దాటితే సంబంధం తెగుతుందని వాళ్లకే తెలుస్తుంది. కొన్ని బోర్డుల్లో అంచున ఉండే పొడవాటి పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు పట్టేస్తారు, గది అంతా గోల. ఆ మీటరు పట్టుకోవడం వస్తే ఆ రోజుకు చాలు. నన్నడిగితే ఇలాంటి వర్క్‌షాపులో నేర్పాల్సిన అసలు విద్య తప్పు ఎక్కడుందో వెతకడమే. కావాలనే ఎల్‌ఈడీ తిరగేసి, ఒక తీగ పక్క వరుసలో గుచ్చి ఉంచిన సర్క్యూటు ఒకటి సిద్ధం చేసుకోండి. వెలగడం లేదు, ఎందుకో చెప్పండని ఇవ్వండి. వాళ్లు తడుముకుంటుంటే మీ చేయి వాళ్ల బోర్డు మీదికి వెళ్లకూడదు, ఎంత దురద పెట్టినా సరే.

మూడు రోజులకు మూడు సబ్జెక్టులు పంచడం నాకు నచ్చలేదు. ఒకే వస్తువు చేయించండి, మూడూ అందులోనే రావాలి. మేకీ మేకీ అనే చిన్న బోర్డుంది. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. దానిలోని రెసిస్టర్లు 22 మెగా ఓములవి, కాబట్టి మన చర్మం గుండానో, పెన్సిల్ గీత గుండానో పోయే అతి సన్నని కరెంటు కూడా మీట నొక్కినట్టే లెక్క. పావు మైక్రో ఆంపియరు కూడా ఉండదు, భయం లేదు. రెండో రోజు తలా ఒక శబ్దం రికార్డు చేసి, స్క్రాచ్‌లోకి (దిమ్మెలు పేర్చి ప్రోగ్రాము రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, స్పేస్ మీట నొక్కితే మోగేలా దిమ్మెలు పేర్చాలి. మూడో రోజు కాగితం మీద ముదురు పెన్సిల్‌తో లావుగా గీతలు గీసి బోర్డులో స్పేస్ మీటకు కేటాయించిన చోటికి కలపాలి. బోర్డులో ఎర్త్ అని రాసి ఉన్న చోటికి తగిలించిన తీగ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గీతను తాకితే వాళ్ల గొంతే వినిపిస్తుంది. మోగకపోతే ఎర్త్ వదిలేశారేమో చూసుకోమనండి, తర్వాత గీత ఇంకాస్త దట్టంగా దిద్దమనండి.

సోల్డరింగ్ మొదటి రోజు వద్దే వద్దు. 350 డిగ్రీల కడ్డీ పక్కన పెద్దలొకరు కదలకుండా నిలబడాలి, కళ్లకు రక్షణ అద్దాలు కావాలి, సీసం ఉన్న తీగైతే చేతులు కడిగించాలి. ఇంతమందిని మీరొక్కరే చూడలేరు.

ఆర్డునో కావాల్సిందేనంటే యూఎస్‌బీ కేబుళ్లన్నీ ముందు రోజే పరీక్షించండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేవి కొన్ని ఉంటాయి. బోర్డు మీద దీపం వెలుగుతుంది గానీ కంప్యూటర్‌లో ఆ బోర్డు పోర్టు కనబడదు, సాయంత్రమంతా దానికే సరి.

చెవియంత్రం:
శబ్దం వైపు నుంచి ఒక మాట. ఆడాసిటీలో (శబ్దం రికార్డు చేసి దిద్దే సాఫ్ట్‌వేర్) రికార్డు చేసేటప్పుడు మాట్లాడే ముందు రెండు మూడు సెకన్లు మౌనంగా ఉండమనండి. ఫ్యాను రొద తీసేయడానికి ఆ ఖాళీ ముక్కే నమూనా అవుతుంది. తెర మీది శబ్ద తరంగాన్ని బాగా పెద్దది చేస్తూ పోతే చుక్కలు కనిపిస్తాయి, ఒక్కో చుక్క శబ్దానికి ఒక కొలత. సెకనుకు 44,100 చుక్కలని చెప్పి చూడండి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఇక ప్రాజెక్టును సేవ్ చేయడం వేరు, వేవ్ (WAV) అనే మామూలు శబ్దం ఫైలుగా ఎగుమతి చేయడం వేరు. ప్రాజెక్టు ఫైలును స్క్రాచ్ తీసుకోదు.

కొత్తచేయి:
ధన్యవాదాలండీ. పెన్సిల్ గీతల ఆలోచన ఖాయం చేసేశాను. ఒక్క సందేహం: తల్లిదండ్రులు పిల్లల చేతుల్లోంచి లాక్కుని తామే చేసేస్తారేమో?

తీగలమూట:
చేసేస్తారు, అనుమానమే లేదు. పెద్దలకు విడిగా ఒక బల్ల, వాళ్ల కిట్లు వాళ్లకే. పిల్లల బల్ల కాస్త దూరంగా వేయండి. మొదటి పావుగంట కుర్చీలోంచి లేచి తొంగిచూస్తారు, తర్వాత తమ ఎల్‌ఈడీ వెలగక అదే పనిలో పడిపోతారు.

లెక్కలపంతులు:
ఆ 1.5 మిల్లీ ఆంపియర్ల లెక్క మాత్రం పిల్లల చేతే వేయించండి.