లాడ్జీకి వంటగది అవసరమా? ముసలాయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి

పాలంపేట_బాట (చర్చ మొదలుపెట్టినవారు), శనివారం రాత్రి 8:40

నేను కారు నడుపుతాను. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన తర్వాత నా కారు ఎక్కేవాళ్లలో బయటి రాష్ట్రాల వాళ్లు బాగా పెరిగారు. రాత్రి హనుమకొండలో బస, తెల్లవారి రామప్ప, లక్నవరం. నిన్న ఒక కుటుంబాన్ని ఎప్పుడూ దించే చోటనే దించితే కింద రెస్టారెంటుకు తాళం వేసి ఉంది. అడిగితే, వంట ఎత్తేశాం, ఫోనులో తెప్పించుకోమనండి అన్నారు. ఆ కుటుంబంలో డెబ్బై దాటిన ముసలాయన ఒకరున్నారు. బోర్డు చూసి, "భోజనం లేనప్పుడు హోటల్ అని ఎందుకు రాశారు?" అని నన్ను అడిగారు. నాకు జవాబు తోచలేదు. గదులు ఇచ్చేవాళ్లకు సొంత వంటగది ఉండాలా, అక్కర్లేదా?

కాజీపేట_ప్యాసింజర్, 8:52

మన ఊళ్లో హోటల్ అంటేనే తినే చోటు. పడుకునేది లాడ్జి. ముసలాయన తెలుగు సరైన తెలుగు.

నలభై_గదులు, 9:05

మీరు చెప్పిన హోటల్ నాది కాదు. కానీ ఆరు నెలల క్రితం నేనూ అదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. పెళ్లిళ్ల నెలల్లో నా నలభై గదులూ నిండుతాయి. మిగతా రోజుల్లో పదిహేను నిండితే గొప్ప. ఖాళీ గదికి తాళం వేస్తే కరెంటు కూడా కాలదు. వంటగదికి అలా తాళం వేయలేం. నలుగురు తిన్నా నలభై మంది తిన్నా సాంబారు కాచాలి, సిలిండర్ వెలగాలి, వంట మాస్టర్‌కు జీతం ఇవ్వాలి. పొద్దున డెబ్బై ఇడ్లీలు వేస్తే ముప్పై మిగిలేవి. రాత్రి అతిథి గదిలో కూర్చుని బయటి బిర్యానీ తెప్పించుకుంటాడు, మా కుర్రవాడు ప్లేట్లు, చెంచాలు పైకి మోస్తాడు. అవి కడిగే ఖర్చూ నాదే. అతిథికి కావలసినవి ఉతికిన దుప్పటి, వేడి నీళ్లు, కారు పెట్టుకునే జాగా. తిండికి ఊరంతా ఉంది.

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 9:31

ముప్పై ఇడ్లీలు మిగిలాయంటే తప్పు అతిథిది కాదు. వేసినవాడిది, వేయమన్నవాడిది.

డెబ్బై ఒకేసారి ఎందుకు వేయాలి? పన్నెండు పన్నెండుగా దించండి. ఒక వాయి అయిపోయేలోపు ఇంకొకటి ఉడుకుతుంది, మిగిలితే పిండి మిగులుతుంది. కానీ మీ చోట ఏం జరిగి ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను. ఆరింటికే అన్నీ దించి, మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బాలో సర్ది, కింద సన్నని మంట పెడతారు. మూతకు పట్టిన ఆవిరి బొట్లు బొట్లుగా ఇడ్లీల మీద పడుతుంది. ఎనిమిదిన్నరకు వచ్చినవాడు పట్టకారుతో ఎత్తితే సగం చేతికి వస్తుంది, సగం డబ్బాకు అంటుకుంటుంది. అది తిన్నవాడు రాత్రి మీ వంటగది వైపు చూస్తాడా? ఫోను చూస్తాడు.

నాకు పని నేర్పిన పెద్ద షెఫ్ ఒక ముచ్చట చెప్పేవారు. 1898లో సీజర్ రిట్జ్ పారిస్‌లో తన పేరుతో హోటల్ తెరిచినప్పుడు వంటగదిని అగస్త్ ఎస్కోఫియే అనే ఫ్రెంచి వంటవాడి చేతుల్లో పెట్టాడు. అంతకుముందు లండన్‌లోని సెవాయ్ హోటల్లోనూ ఆ ఇద్దరూ కలిసి పనిచేశారు. రిట్జ్‌కు గదులు నింపడం తెలుసు. తెలిసి కూడా వంటవాణ్ణి వెంటబెట్టుకుని తిరిగాడు. మంచాలు ఎవరైనా కొనగలరు సార్.

నలభై_గదులు, 9:44

పారిస్ లెక్క హనుమకొండ చౌరస్తాలో చెల్లదు మాస్టారూ. రిట్జ్‌కు వచ్చేవాళ్లు రాజులు. నాకు వచ్చేవాళ్లు మందుల కంపెనీ ప్రతినిధులు, పరీక్షలు రాసే పిల్లలు, పెళ్లివాళ్లు. ఇక మూత సంగతి. వేడి పదార్థం చల్లారకుండా ఉంచాలని ఆహార భద్రత నిబంధనలే చెబుతాయి. మూత తీస్తే చల్లారింది అంటారు, పెడితే తడిసింది అంటారు. ఏం చేయమంటారు?

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 9:47

మూత లోపలి వైపు పలచటి బట్ట కట్టమంటాను. గజం బట్ట.

బిల్లు_చూడండి, 9:58

అసలు విషయం పన్నులో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజు అద్దె 7,500 దాటని గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అలాంటి హోటళ్లలో భోజనం మీద కూడా 5 శాతమే. అయినా కొందరు బిల్లులో సేవా రుసుము వాళ్లంతట వాళ్లే కలుపుతున్నారు. అలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తినే ముందు బిల్లు పద్ధతి అడగండి.

నలభై_గదులు, 10:03

5 శాతం అని మీరు సంతోషిస్తున్నారు. అందులో మేం కొన్న వాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. గ్రైండరు కొన్నా, పొగగొట్టం పెట్టించినా ఆ పన్ను నా నెత్తినే.

ఎనుమాముల_దారి, 10:06

ఇన్ని మాటల్లో పచ్చిపులుసు మాట ఎవరూ ఎత్తలేదు.

ఖమ్మం_కోడలు, 10:20

మీ ఇద్దరి లెక్కలూ పక్కన పెట్టండి. పోయిన మాఘంలో మరిది పెళ్లికి మమ్మల్ని వరంగల్‌లో ఒక హోటల్లో దించారు, పేరు అనవసరం. మా అత్తగారికి చక్కెర వ్యాధి, పొద్దున సూది వేసుకున్నాక ఏదో ఒకటి తినాలి. ముహూర్తం ఉదయం 6:10కి. అయిదింటికి కిందికి వెళ్లి రెండు ఇడ్లీలు ఇప్పించమని అడిగాను. "ఉచిత అల్పాహారం ఏడున్నర నుంచే మేడమ్" అన్నాడు. సరే, మా ఆడపడుచు ఇంటి నుంచి ఉప్మా డబ్బా తెప్పించాను. దాన్ని లిఫ్టు దగ్గర ఆపి, బయటి తిండికి అనుమతి లేదన్న బోర్డు చూపించాడు. పెద్దావిడ చేతిలో మందుల సంచి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆ ఉచితం ఎవరికోసం? వండితే మాకు కావలసిన వేళకు వండండి, లేదా మా డబ్బాను పైకి పోనివ్వండి. రెండూ కాదంటే ఎలా?

కాజీపేట_ప్యాసింజర్, 10:24

ఉచితం అంటే గది అద్దెలో కలిపేశారని అర్థం అక్కా.

నలభై_గదులు, 10:31

అమ్మా, మీకు జరిగింది తప్పే. కానీ చూడండి, అది వంటగది ఉన్న హోటల్. నా దగ్గరైతే ఆ డబ్బా నేరుగా మీ గదికి వచ్చేది. నేను చెబుతున్నదీ అదే కదా.

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 10:40

ఆవిడ అడిగింది రెండు ఇడ్లీలు. మీరు ఇస్తానంటున్నది లిఫ్టు.

పిండి రాత్రే రుబ్బి ఉంటుంది. నీళ్లు మరగడానికి అయిదు నిమిషాలు, ఉడకడానికి పన్నెండు. ఆ వేళకు ఒక మనిషి లేచి పొయ్యి వెలిగించాలి, అంతే. ఆ మనిషిని పెట్టుకోవడం మీకు ఇష్టం లేదు. దాన్ని వదిలి సిలిండర్, పన్ను, ప్లేట్లు అంటున్నారు.

ఎనుమాముల_దారి, ఆదివారం ఉదయం 7:15

మళ్లీ చెబుతున్నాను. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, కూరలో వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. అది పండే ఊరి హోటళ్లలో కోడికూరకు రంగుపొడి కలుపుతున్నారు. సర్వప్ప (బియ్యప్పిండి రొట్టె) లేదు, జొన్నరొట్టె లేదు. ఎక్కడ చూసినా పనీర్. రామప్ప చూడటానికి ఢిల్లీ నుంచి వచ్చినవాడికి పనీర్ పెట్టడం ఏమిటి?

పాలంపేట_బాట, 7:30

ఢిల్లీవాళ్లే పనీర్ అడుగుతారు అన్నా. నేను రోజూ వింటాను. కానీ ఒకసారి ములుగు దారిలో ఒక ఇంటి దగ్గర మక్క గట్క (మొక్కజొన్న సంకటి) పెట్టిస్తే మారు వేయించుకున్నారు.

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 8:10

నలభై గదుల సార్‌ను ఒక్కటి అడుగుతాను. మీ వంటగది నడిచిన రోజుల్లో మధ్యాహ్నం మీరు ఎక్కడ తినేవారు?

నలభై_గదులు, 8:22

దానికీ దీనికీ సంబంధం లేదు. నెలకు ఎన్ని సిలిండర్లు అవుతాయో మీకు తెలుసా అని నేను అడిగితే?

ఖమ్మం_కోడలు, 8:25

సంబంధం ఉంది. చెప్పండి.

కాజీపేట_ప్యాసింజర్, 8:26

చెప్పండి సార్.

నలభై_గదులు, 8:49

ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. వంటగది ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. తృప్తిగా ఉందా?

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 9:20

తృప్తి ఏముంటుంది సార్. నేను చివరగా పనిచేసిన చోట కూడా ఒంటిగంటకు క్యారియర్ వచ్చేది. నాలుగు గిన్నెలది. పై గిన్నెలో పెరుగు, అడుగు గిన్నెలో అన్నం. "మాస్టర్, కూర కొంచెం వేడిచేయి" అని కుర్రవాడితో పంపేవారు. నా పొయ్యి మీద, నా చేత్తో, వాళ్లింటి కూర వేడిచేసి పంపేవాణ్ణి. నా కూర ఒక్కరోజు కూడా రుచి చూడలేదు. మేం మూడున్నరకు తినేవాళ్లం, పొద్దున మిగిలిన ఉప్మాలో మజ్జిగ కలుపుకుని, గిన్నెలు తోమే తొట్టి పక్కన నిలబడి. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. యజమాని తినని వంట, వండినవాడు కూర్చుని తినలేని వంట, అతిథి మాత్రం మెచ్చుకోవాలి. మీ ఇడ్లీలు మిగలక ఏమవుతాయి?

నలభై_గదులు, 9:41

మీకు ఎవరో చేసిన అన్యాయానికి నన్ను నిలబెట్టి తిడుతున్నారు. నాకు జరిగింది కూడా వినండి. 2024 మేడారం జాతర వారం. గదులన్నీ నిండాయి, వరండాలో పరుపులు వేశాను. ముందురోజు రాత్రి మా మాస్టర్ రెండు నెలల జీతం బయానాగా తీసుకున్నాడు. తెల్లవారేసరికి లేడు, ఫోను ఎత్తడు. హైదరాబాదులో ఎవరో రెండు వేలు ఎక్కువిస్తామన్నారట. నేను, నా భార్య, కాపలా మనిషి కలిసి మూడు రోజులు పులిహోర కలిపాం. మీవాళ్లను నమ్మి వంటగది పెట్టమంటారా?

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 9:46

రెండు వేలకు పోయాడంటే, మీరు ఇచ్చింది ఎంత?

నిర్వాహకుడు, 10:00

ఇద్దరూ కాస్త తగ్గండి. "మీవాళ్లు" లాంటి మాటలు వద్దు. చర్చ హోటల్ భోజనం మీద.

బిల్లు_చూడండి, 10:04

బయానా ఇచ్చినప్పుడు కాగితం రాయించుకోవాల్సింది.

నలభై_గదులు, 11:35

ఎంత ఇచ్చానో ఇక్కడ చెప్పను. తక్కువే. కానీ లెక్కల కోసం మాత్రమే పొయ్యి ఆర్పానని అనుకోకండి. మా నాన్న కాజీపేట స్టేషన్ బయట పూరీలు వేసేవాడు. రైలు వేళను బట్టి మా ఇల్లు నిద్రలేచేది. ఆయన కుడిచేయి మణికట్టు నుంచి మోచేయి దాకా నూనె చిందిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి. నేను సరదాకు జల్లిగరిటె పట్టుకుంటే లాక్కుని వీపు మీద ఒకటి వేసేవాడు. ఈ గదుల పునాది ఆ పూరీల డబ్బే. తన కొడుకులు కుర్చీలో కూర్చోవాలని కట్టాడు. ఆయన పోయాక పేరుకు రెస్టారెంటు పెట్టాను గానీ, ఆ వంటగది గుమ్మం దాటి లోపలికి వెళ్లింది తక్కువ.

ఖమ్మం_కోడలు, 11:50

ఈ మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ.

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, మధ్యాహ్నం 12:15

నా చేతులూ అలాగే ఉంటాయి. నేను మా అబ్బాయిని కొట్టలేదు, పిలిచి నేర్పాను. వాడు ఇప్పుడు నిజామాబాదులో ఒక హోటల్లో మాస్టర్. మీరు వంటగది దండగ అంటున్నారు, సరే, మీ డబ్బు. కానీ మీ మనసులో అది దండగ కాదు, తక్కువ పని. నిన్నటి నుంచి నాకు మండుతున్నది అందుకు. ఇడ్లీల కోసం కాదు.

నలభై_గదులు, 12:21

మా నాన్న మాట ఎత్తకండి.

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 12:22

ఎత్తింది మీరు.

ఎనుమాముల_దారి, 12:40

కాజీపేట పూరీలా? రైల్వే గేటు వైపు బండి అయితే నేను తిన్నాను. పక్కన ఆలుగడ్డ కూర పలచగా ఉండేది. బాగుండేది.

పాలంపేట_బాట, సాయంత్రం 5:10

అందరికీ నమస్కారం. నా ప్రశ్న అక్కడే ఉంది. రేపు తెల్లవారి అయిదింటికి ఆరుగురితో రామప్పకు బయలుదేరుతున్నాను, దాదాపు 70 కిలోమీటర్లు. ఇద్దరు చిన్నపిల్లలు. ఆ వేళకు ఏమైనా పెట్టేవాళ్లు ఎవరు?

నలభై_గదులు, 5:32

మా దగ్గర దిగారా? అయితే టీ, బిస్కెట్లు ఇప్పిస్తాను. పిల్లలకు పాలు కూడా.

పొయ్యి_ముందు_ముప్పై_ఏళ్లు, 5:34

టీ ఎవరు పెడతారు?

నలభై_గదులు, 6:20

నేనే.