ఎనామిల్ పూత ఉన్న పోత ఇనుప పెనం: దోసె అంటుకుంటాంది

ప్రశ్న (కడప): కారం దోసె తిప్పబోతే చినిగిపోతాంది. మంట పెద్దగానే పెడుతున్నా. గోధుమరంగు మరకలు కూడా పోవడం లేదు. మామూలు పెనంలా నూనె పట్టించి కాల్చాలా?

జవాబు (కర్నూలు): వద్దన్నా. ఎనామిల్ అంటే గాజు పూత, నూనె ఇంకదు. పెద్ద మంటే అసలు తప్పు. చెంచా నూనె రాసి, సన్న మంట మీద 4, 5 నిమిషాలు కాగనిచ్చి పిండి పోయండి. అడుగు గట్టిపడితే దోసె తనే వదుల్తుంది, ముందే గీకొద్దు. వేడి పెనం మీద నీళ్లు చల్లే అలవాటు మాత్రం మానాల్సిందే. ఇనుమూ గాజూ ఒకే తీరుగా కుంచించుకోవు, పూత పగుల్తుంది. సగం కోసిన ఎర్రగడ్డతో నూనె రుద్దితే చాలు.

జవాబు (అనంతపురం): మరకలకు గ్లాసు నీళ్లలో 2 చెంచాల వంటసోడా వేసి 10 నిమిషాలు మరిగించండి. చల్లారాక మెత్తటి స్పాంజితో తోమండి, ఇనుప పీచు వద్దు. కొయ్య అట్లకాడ వాడండి. చింతపండు, టమోటా వండొచ్చు, పులుపు ఇనుమును తాకదు. జొన్నరొట్టెకు మాత్రం పాత ఇనుప పెనమే మేలు: నూనె లేకుండా పెద్ద మంట మీద కాల్చాలి కదా.

జవాబు (కర్నూలు): ఇంకోటి. లోపలి పూత పెచ్చు లేస్తే ఇక అందులో వండకండి, గాజు ముక్కలు తిండిలో పడతాయి.