సిమార్డ్ 1997 పేపర్‌కి అన్ని సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) ఉన్నాయి కదా, అంటే చెట్లు ఒకదానికొకటి కార్బన్ పంపుకుంటాయన్న మాట ప్రూవ్ అయిపోయినట్టేనా?

అడవిదారి:
అందరికీ నమస్తే. ఎంఎస్సీ ఫారెస్ట్రీ సెకండియర్ నేను. వచ్చే వారం సెమినార్ ఉంది, ఒక ఫారెస్ట్ ఎకాలజిస్ట్ పబ్లికేషన్లు తీసుకుని వాటి ఇంపాక్ట్ ఏంటో చెప్పాలి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ సుజాన్ సిమార్డ్ గారిని ఎంచుకున్నా. 1997లో నేచర్ అనే సైన్స్ జర్నల్‌లో వచ్చిన పేపర్ ఉంది కదా, వేర్లకి అంటుకుని ఉండే ఫంగస్ దారాల గుండా చెట్లు ఒకదానికొకటి కార్బన్ పంపుకుంటాయని, "వుడ్ వైడ్ వెబ్" అన్న మాట ఆ సంచిక కవర్ మీదే వేశారు. సగం స్లైడ్లు అయ్యాక 2023లో నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్‌లో వచ్చిన రివ్యూ కనబడింది, ఈ నెట్‌వర్క్ గురించి చెప్పేవాటిలో చాలా వాటికి అడవిలో చేసిన ఆధారం సరిపోదని. రాసిన ముగ్గురిలో మెలనీ జోన్స్ గారు ఒకరు, ఆవిడ 1997 పేపర్‌లో కూడా కోఆథరే! ఇప్పుడు సైటేషన్ నంబర్ పెట్టి గొప్ప పేపర్ అని చెప్పాలా, లేక తప్పయిపోయిందని చెప్పాలా? రెండు రోజుల్నుంచి ఇదే ఆలోచన.

మట్టివాసన:
తప్పు అవ్వలేదమ్మా, ముందు ఆ పేపర్ తీసి చదువు, చిన్నదే, నాలుగు పేజీలు. బర్చ్, డగ్లస్ ఫర్ అని అక్కడి రెండు రకాల చెట్ల మొక్కలు పక్కపక్కనే నాటి, ఆకుల మీద సంచి కట్టి ఒకదానికి కార్బన్-13, ఇంకోదానికి కార్బన్-14 గ్యాస్ ఇచ్చారు (ఇవి కార్బన్‌లోనే బరువు వేరైన రకాలు, ఐసోటోప్‌లు అంటారు, గుర్తుపట్టొచ్చు), తర్వాత ఏది ఎటు పోయిందో కొలిచారు. రెండు వైపులా పోయింది, కానీ రెండో ఏడు లెక్క చూస్తే ఫర్‌కి నికరంగా మిగిలింది, సగటున అది పీల్చుకున్న ఐసోటోప్‌లో 6 శాతం. ఫర్ మీద నీడ వేస్తే వచ్చేది ఎంతన్నది మారింది.

ఇక అసలు చూడాల్సింది పక్కనే పెట్టిన మూడో రకం, సెడార్ మొక్క. దాని వేర్లకి పట్టే ఫంగస్ వేరే రకం, కాబట్టి బర్చ్‌తో లింక్ ఉండదు, అందుకే పోల్చడానికి పెట్టారు. దానిలోకి కూడా కొంచెం ఐసోటోప్ చేరింది! అంటే కొంత కార్బన్ మట్టిలోంచి కూడా వెళ్తోంది. చేరింది తక్కువే కాబట్టి ఎక్కువ భాగం దారాల్లోంచే పోయి ఉంటుందని ఆథర్లు రాశారు. "ఉంటుంది" అన్నది తర్వాత రాసినవాళ్ల చేతిలో "ఉంది" అయిపోయింది. 2023 వాళ్ల గొడవ చాలావరకు ఇక్కడే.

తెల్లమద్ది:
పైన చెప్పింది నాకు అనుభవం. నా థీసిస్ ఇంట్రోలో "పెద్ద చెట్లు నెట్‌వర్క్ ద్వారా తమ పిల్లమొక్కలకి ఆహారం పంపుతాయి" అని రాసి బ్రాకెట్లో 1997 పెట్టేశా, ఒక రివ్యూలో అలాగే ఉంటే తీసుకున్నా. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు పేపర్ ప్రింట్ నా ముందు పెట్టి "ఏ పేజీలో ఉందమ్మా, చూపించు" అన్నారు. నాలుగు పేజీలూ తిప్పా, లేదు. ఎలా ఉంటుంది, అందులో తల్లిచెట్టే లేదు, అన్నీ నాటిన చిన్న మొక్కలే. ఆ రోజు చేతులు వణికాయి, ఇప్పటికీ ఏ వాక్యం రాసినా ముందు ఆ పేపర్ తెరుస్తా. 2023 రివ్యూలో కూడా ఇదే లెక్క తీశారు, ఆధారం లేకుండా చేసే ఇలాంటి సైటేషన్ల వాటా 25 ఏళ్లలో రెట్టింపయిందని. పెద్ద చెట్టు తన సంతానానికే ఏరి పంపుతుందన్న దానికి అడవిలో చేసి పీర్ రివ్యూ (తోటి శాస్త్రవేత్తల పరిశీలన) అయిన ఆధారం ఒక్కటీ లేదని కూడా రాశారు. సిమార్డ్ గారు ఈ విమర్శని ఒప్పుకోలేదు, అది కూడా స్లైడ్‌లో పెట్టు, న్యాయంగా ఉంటుంది.

బీట్_ఆఫీసర్:
తమ్మీ, ఇంపాక్ట్ అంటే సైటేషన్లు ఒక్కటే కాదు. కెనడాల ప్లాంటేషన్లల్ల బర్చ్‌ని కలుపు అని మందు కొట్టి తీసేస్తుండె, ఫర్‌కి పోటీ అని. అది పోటీ ఒక్కటే కాదేమో అని ఫారెస్టోళ్లని ఆలోచనల పడేసింది ఆ మేడమే. 2010ల బైలర్, సిమార్డ్ వాళ్ల ఇంకో పేపరుంది, 30 మీటర్లకు 30 మీటర్ల జాగల డీఎన్‌ఏ తీసి చూస్తే ఒక్క చెట్టు ఇంకో 47 చెట్లతోని లింక్ అయి ఉన్నది. గని లింక్ ఉన్నది వేరు, దాంట్లకెళ్లి తిండి పోతున్నది అనుడు వేరు, ఈ రెండు కలపకు.

ఇంకోటి, మన దిక్కు టేకు వేర్లకి పట్టేది ఆర్బస్క్యులర్ రకం (వేరు కణాల లోపలికి పోయే ఫంగస్), అంటే ఆ పేపర్ల సెడార్ దిక్కున్నట్టు, బర్చ్ దిక్కు కాదు. అక్కడి రిజల్ట్ తెచ్చి మన టేకు అడవికి అతికించకు, ఎవరన్న అడిగితే ఇబ్బంది పడ్తవ్.

అడవిదారి:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. నిన్న రాత్రి కూర్చుని నాలుగు పేజీలూ చదివా, సెడార్ మాట అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఉంది, నేనే దాటేశా. సైటేషన్ గ్రాఫ్ మొదటి స్లైడ్ నుంచి తీసి చివర్లో పెట్టి, మొదట సెడార్ మొక్కే పెడుతున్నా. ఎర్రచందనం కూడా టేకు లాంటిదేనా అన్నా? సార్ తప్పకుండా అడుగుతారు.

బీట్_ఆఫీసర్:
అవును, అది గూడ ఆర్బస్క్యులరే. చిక్కుడు జాతిది గద. మంచిగ చెప్పు, అయినంక ఏమడిగిండ్రో ఇక్కడ రాయి.