యూకేజీకి నవంబర్ నెలంతా ఏం చేయించాలి?

ప్రశ్న:
మాది ఖమ్మం దగ్గర పల్లెటూరి బడి. యూకేజీలో 22 మంది. రోజూ పలక మీద దిద్దించడమే అవుతోంది, పిల్లలు విసుగొచ్చి బలపాలు విరిచేస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

జవాబు:
పదేళ్లుగా ఇదే క్లాసు చెబుతున్నానమ్మా. మొదటి వారం బలపం ఇవ్వకండి. పళ్లెంలో ఇసుక పోసి వేలితో 'ర', 'గ', 'న' గీయించండి. మట్టి పిసికించండి, పూసలు గుచ్చించండి. వేళ్లకు పట్టు వస్తే రాత దానంతట అదే వస్తుంది.

లెక్కలకు చింతగింజలు చాలు. పదేసి కుప్పలు పెట్టిస్తే, నిరుడు ఒక బాబు "మేడమ్, నావి మూడు పదులు, ఇంకో నాలుగు" అన్నాడు. స్థానవిలువ నేనింకా చెప్పనే లేదు! ఆ రోజు ఇంటికెళ్లి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా మాత్రం కనిపెట్టుకుని ఉండాలి.

14న బాలల దినోత్సవానికి వేషాల ఖర్చు వద్దు. ఎవరి నానమ్మనైనా పిలిచి కథ చెప్పించండి.

మరో జవాబు:
మా పాప ఇంట్లో బియ్యప్పిండిలో గీస్తుంది. చాలా ఇష్టం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మేడమ్. ఇసుక జల్లించాలా?

జవాబు:
జల్లించి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టండి. గాజుపెంకులు ఉంటాయి.