వెట్టి నుంచి బయటపడిన పిల్లాడికి విడుదల సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. మా అక్క కొడుక్కి 13 ఏళ్ళు. పోయిన ఏడాది వేరుశనగ చేతికి రాక అప్పులపాలైనప్పుడు, ఒక మేస్త్రీ మా బావ చేతిలో 15 వేలు అడ్వాన్సు పెట్టి, బెంగళూరులో బడికి కూడా పంపుతామని వాణ్ణి తీసుకుపోయాడు. తీరా చూస్తే బ్యాగులు కుట్టే షెడ్డు, బయట తాళం. ఎనిమిది నెలలకు అక్కడి అధికారులు విడిపిస్తే, బాలల సంక్షేమ కమిటీ ద్వారా ఇల్లు చేరాడు.

ఇప్పటికీ తెల్లారి నాలుగింటికే ఉలిక్కిపడి లేస్తాడు. చాప చుట్టి గోడకు ఆనించి, ఎవరో పిలుస్తారన్నట్టు పక్కనే నిలబడతాడు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇలాంటి పిల్లలకు కేంద్ర పథకంలో 2 లక్షల పునరావాస సాయం ఉందని, కేసు తేలకముందే తక్షణ సాయంగా 30 వేల దాకా ఇస్తారని చదివాను. కానీ మా దగ్గర విడుదల సర్టిఫికెట్ లేదు. ఇక్కడ అడిగితే బెంగళూరు పొమ్మన్నారు. అక్కడికే పోవాలా, మన కలెక్టర్‌కు అర్జీ పెడితే తెప్పిస్తారా?

మేస్త్రీ అడ్వాన్సు తిరిగిమ్మని ఫోన్లు చేస్తున్నాడు, అక్కకు ఒకటే టెన్షన్. 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు కదా, బెదిరింపుల మీద ఇక్కడి స్టేషన్‌లో ఫిర్యాదు చేయొచ్చా?

సోమవారం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తున్నాం, పిల్లలకు లాయర్ ఉచితం కాబట్టి. బాధితుల పరిహారానికీ అక్కడే దరఖాస్తు ఇవ్వొచ్చా? ఏ కాగితాలు పట్టుకుపోవాలి? సాక్ష్యం వీడియోలో చెప్పించే వీలుందా? వాణ్ణి మళ్ళీ ఆ ఊరికి తీసుకెళ్ళాలంటే నాకు మనసు రావడం లేదు.